సరిగ్గా మాంగల్యధారణ దగ్గరే ఆగే డిస్కు

2009 వైశాఖంలో మా అక్క పెళ్ళయింది. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో, ఇంటిముందు కొబ్బరాకుల పందిట్లోనే. రెండు నెలలకి ఎడిటింగ్ అయిన వీడియో చేతికొచ్చింది. రెండున్నర గంటలు. ఆ ఫైళ్ళని మా ఇంటి కంప్యూటర్లో నేనే డీవీడీగా తయారుచేసి, మామూలు దానికన్నా దాదాపు రెట్టింపు పట్టే డబుల్ లేయర్ (రెండు పొరల) డిస్కు ఒక్కదాని మీదే రాశాను. రెండు డిస్కులైతే మధ్యలో ఎవరో ఒకరు లేచి మార్చాలి కదా, ఒక్కటైతే అందరూ హాయిగా కూర్చుని చూస్తారు అనుకున్నాను. రాజోలు మీదుగా బస్సెక్కి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లులో అక్క అత్తవారింటికి స్వయంగా పట్టుకెళ్ళాను.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. బావ మేనత్తలు, పక్కింటివాళ్ళు, పిల్లలు, అందరూ టీవీ ముందే. పెళ్ళికూతుర్ని చేయడం, ఎదురుసన్నాహం, కాళ్ళు కడగడం, మేనమామలు అక్కని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావడం, అన్నీ చక్కగా నడిచాయి. అడ్డుతెర తీశారు. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. బావ మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు. పంతులుగారు మేళం వాళ్ళకేసి చెయ్యి ఊపారు. డోలు మీద మొదటి దెబ్బ పడింది. బొమ్మ ఆగిపోయింది. బావ చేతిలో సూత్రం, అక్క వంచిన తల, గాల్లో నాలుగు అక్షింతలు, అన్నీ అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి.

రిమోట్ నొక్కాను. కదల్లేదు. డిస్కు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి ఆ చోటికే లాగాను. మళ్ళీ అక్కడే. "అదేంటండీ, సరిగ్గా అక్కడే..." అని ఎవరో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. అక్క నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ డిస్కు ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఎవరింట్లో డిస్కు మొరాయించినా నాకే కబురొచ్చేది. ముమ్మిడివరం నుంచీ వచ్చారు, నరసాపురం నుంచీ వచ్చారు. అందరూ చెప్పే మాట ఒకటే: "డిస్కు పోయిందండీ." నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట మీదే. ఆగిపోయిన డిస్కు పోయిన డిస్కు కాదు. అది ఎక్కడ ఆగిందో చూస్తే ఎందుకు ఆగిందో చాలావరకు అక్కడే తెలుస్తుంది. అది చూడకుండా ప్లేయర్లు మారుస్తారు, డిస్కుని చొక్కాకేసి రుద్దుతారు, చివరికి పెళ్ళి వీడియోనే చెత్తబుట్టలో వేసేస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే డీవీడీల కాలంలో జరిగిన పెళ్ళిళ్ళు చాలా ఇళ్ళలో ఆ డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

ముందు డిస్కు లోపల ఏముంటుందో చెప్పాలి. మామూలు డీవీడీలో సమాచారం ఒకే పొర మీద ఉంటుంది, 4.7 జీబీ పడుతుంది. డబుల్ లేయర్‌లో ఒకదాని మీద ఒకటి రెండు పొరలు. వాటి మధ్య దూరం సుమారు 55 మైక్రాన్లు, అంటే దాదాపు ఒక తలవెంట్రుక మందం. రెంటికీ కలిపి 8.5 జీబీ. 4.7కి రెట్టింపు ఎందుకు లేదంటే, రెండు పొరలున్నప్పుడు చదవడం కష్టం కాబట్టి గుర్తుల్ని కొంచెం పొడుగ్గా, ఎడంగా రాస్తారు. రెండూ ఒకే వైపు నుంచే చదవాలి. మొదటి పొర పలచటి తెరలా ఉంటుంది. లేజరు ఆ తెర గుండా చూసి వెనకున్న రెండో పొరని చదువుతుంది. అడ్డుతెర పట్టుకున్నప్పుడు అవతలి మనిషి నీడలా కనిపిస్తాడు చూడండి, అలాంటి పరిస్థితి. అందుకే వెనక్కి తిరిగొచ్చే వెలుగు తగ్గిపోతుంది. ఒక పొర ఉన్న డీవీడీ తన మీద పడ్డ వెలుగులో 45 నుంచి 85 శాతం దాకా తిప్పి పంపితే, కంపెనీలో అచ్చువేసిన రెండు పొరల డిస్కు 18 నుంచి 30 శాతమే పంపుతుంది. ఇంట్లో రాసినవి సాధారణంగా ఆ కింది అంకెకి దగ్గర్లోనే ఉంటాయి. కొత్త ప్లేయర్‌కి అది చాలు. అయిదారేళ్ళు వాడి లేజరు నీరసించిన ప్లేయర్‌కి చాలదు. ఒకే డిస్కు ఒకరింట్లో ఆడి పక్కింట్లో ఆడకపోవడానికి ఇదో పెద్ద కారణం.

అసలు చిక్కు మాత్రం మలుపు దగ్గరుంది.

డిస్కు చదవడం లోపలి నుంచి మొదలై అంచు వైపు వెళుతుంది. మొదటి పొర అయిపోయాక లేజరు మళ్ళీ లోపలికి పరిగెత్తి రెండో పొర మొదలుపెట్టదు. ఎక్కడుందో అక్కడే చూపు మార్చుకుని, రెండో పొర మీద అంచు నుంచి లోపలికి వస్తుంది. నాగలి కట్టిన ఎడ్లు గట్టు దాకా వెళ్ళి, అక్కడే తిరిగి పక్క చాలులో వెనక్కి రావడం లాంటిదే ఇది. దున్నినవాళ్ళకి తెలుసు, చేను మధ్యలో ఏ ఇబ్బందీ ఉండదు. గట్టు దగ్గర తిప్పేటప్పుడే నాగలి లేస్తుంది, ఎడ్లు తడబడతాయి, మూల దున్నకుండా మిగిలిపోతుంది. డిస్కులో ఆ గట్టునే లేయర్ బ్రేక్ అంటారు.

ఇప్పుడు మా అక్క వీడియో లెక్క చూడండి. రెండున్నర గంటలు, 7.2 జీబీ. సరిగ్గా సగం చేస్తే పొరకి 3.6 జీబీ. అంటే మలుపు 75వ నిమిషం దగ్గర పడుతుంది. తెలుగు పెళ్ళి వీడియోలో మధ్యలో ఏముంటుంది? ముందు సగం సన్నాహాలు, వెనక సగం తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు. నడిమధ్య ముహూర్తం. మన పెళ్ళి వీడియో ఏదైనా సగానికి విరిస్తే ఆ విరుపు ముహూర్తం మీదో, దాని పక్కనో పడడం చాలా మామూలు. అది ఎవరి శకునమూ కాదు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజున అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. "ఇదేదో అప్పుడే అత్తయ్యగారికి చెప్పి ఉంటే బావుండేది రా" అంది.

కానీ మలుపు ప్రతి డబుల్ లేయర్ డిస్కులోనూ ఉంటుంది. కొన్న సినిమా డిస్కుల్లోనూ ఉంటుంది. అక్కడ ఒక్క క్షణం బొమ్మ నిలిచి మళ్ళీ సాగుతుంది, చాలామంది గమనించను కూడా గమనించరు. మరి నాది ఎందుకు పూర్తిగా ఆగిపోయింది? డీవీడీ వీడియోలో బొమ్మ అంతా ఒకే ముద్దగా ఉండదు, సెల్ అనే ముక్కలుగా ఉంటుంది. చాప్టర్, అంటే రిమోట్‌తో నేరుగా దూకడానికి పెట్టే గుర్తు, ఉన్న ప్రతిచోటా కొత్త సెల్ మొదలవుతుంది. పొర మారే చోటు తప్పనిసరిగా ఒక సెల్ మొదట్లోనే పడాలి. అంతేకాదు, సమాచారం సెక్టార్లనే చిన్న ముక్కలు పదహారేసి కలిపిన కట్టలుగా ఉంటుంది కాబట్టి ఒక కట్ట మొదట్లో పడాలి. రెండో పొరలో ఉన్నది మొదటి పొరలో ఉన్నదానికన్నా ఎక్కువ కాకూడదు. ఈ మూడూ కుదిరితే ప్లేయర్ మలుపు తిరుగుతుంది. నేనేమో రెండున్నర గంటలూ ఒక్క చాప్టర్ కూడా పెట్టకుండా తయారుచేశాను. వీడియో అంతా ఒకటే సెల్. రాసే ప్రోగ్రామ్ ఏ హెచ్చరికా ఇవ్వకుండా సగానికి విరిచి, సెల్ నడిమధ్యలో పొర మార్చేసింది. పాలకొల్లులో ఉన్న ప్లేయర్‌కి ఆ విరుపు అర్థం కాలేదు.

ఈ సంగతి తెలియక నేను చేసిన పనులన్నీ వరసగా చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని. మొదట లెన్సు క్లీనర్ డిస్కు కొన్నాను. తేడా రాలేదు. తర్వాత డిస్కే మంచిది కాదనుకుని ఇంకో రకం కొని, తొందరలో గరిష్ఠ వేగంతో రాశాను. అది మాంగల్యధారణ దాకా కూడా రాలేదు, గంట దాటగానే బొమ్మ చదరాలు చదరాలుగా విరిగింది. ఇంకొకటి రాస్తుంటే మధ్యాహ్నం కరెంటు పోయింది, పాత యూపీఎస్ నిలబడలేదు, డిస్కు సగంలో ఆగి దేనికీ పనికిరాకుండా పోయింది. మామూలు డిస్కు పదిహేను రూపాయలకి దొరికే రోజుల్లో డబుల్ లేయర్‌ది వంద పైనే. నాలుగోసారి రాయబోతూ ఆగి, మొదటి డిస్కుని కంప్యూటర్లో పెట్టి చూశాను. మొదటి నుంచి చివరిదాకా ఆడింది. గట్టిమేళం మోగింది, సూత్రం కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. అప్పుడు తెలిసింది, డిస్కు మీద సమాచారం అంతా భద్రంగానే ఉందని, తప్పు దాన్ని సర్దిన తీరులో ఉందని.

ఆ రోజు నుంచి నాకు ఇదొక అలవాటయింది. ఎవరు డిస్కు తెచ్చినా ముందు గుడ్డ తీయను. "ఎన్నో నిమిషం దగ్గర ఆగుతోందండీ?" అని అడుగుతాను. ప్రతిసారీ అదే నిమిషం దగ్గరా, లేక ఒక్కోసారి ఒక్కోచోటా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

పెట్టగానే "నో డిస్క్" అంటే అది ప్లేయర్ డిస్కుని గుర్తుపట్టకపోవడం. డిస్కు మొదట్లో అది ఏ రకమో చెప్పే ఒక గుర్తుంటుంది, దాన్ని బుక్ టైప్ అంటారు. పాత ప్లేయర్లు కొన్ని ఆ గుర్తు చదివి, ఇంట్లో రాసిన రకం అని తెలియగానే వద్దంటాయి. రాసే డీవీడీల్లో ప్లస్ ఆర్ (+R), మైనస్ ఆర్ (-R) అని రెండు రకాలున్నాయి, వాటిలో ప్లస్ ఆర్‌కి ఒక వెసులుబాటుంది. రాసేటప్పుడే ఆ గుర్తుని డీవీడీ రోమ్ అని మార్చి రాయొచ్చు. అప్పుడు ప్లేయర్ దాన్ని కొన్న డిస్కు అనుకుని చదువుతుంది. కొన్ని డిస్కు రైటర్లు (రాసే డ్రైవులు) డబుల్ లేయర్ ప్లస్ ఆర్‌కి ఈ పని వాటంతటవే చేస్తాయి, కొన్నింటికి మనం సెట్ చేయాలి. మైనస్ ఆర్‌లో ఈ వీలు లేదు. డబుల్ లేయర్ రాసేవాళ్ళకి నేనెప్పుడూ ప్లస్ ఆరే కొనమని చెబుతాను.

ప్రతిసారీ సరిగ్గా అదే చోట, వీడియో సగానికి అటూఇటూ ఆగితే అది మలుపు. నా కథే. మలుపు ఇంకా పది నిమిషాలుందనగా చదరాలు మొదలై, మలుపు దాటాక పది నిమిషాలకి తగ్గిపోతే మాత్రం కారణం వేరు. అది అంచు. మలుపుకి ముందు నిమిషాలూ, తర్వాతి నిమిషాలూ రెండూ డిస్కు బయటి అంచు దగ్గరే ఉంటాయి కదా. రాసేటప్పుడు ఎక్కువ తప్పులు పడేదీ అక్కడే, డిస్కు కొంచెం వంగినా ఎక్కువ ఊగేదీ అక్కడే, మనం వేళ్ళతో పట్టుకునేదీ అక్కడే. మన ఇళ్ళలో తలకి రాసుకున్న కొబ్బరినూనె చేతులతోనే డిస్కు తీస్తాం. అలాంటి డిస్కుని నిదానంగా రాసి ఉంటే బావుండేది, ఇప్పుడు చేయగలిగింది కడగడం. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే డిస్కు జోలికి వెళ్ళకండి, అది చాలావరకు ప్లేయర్ లెన్సు మీద దుమ్ము, లేదా అలసిపోయిన లేజరు. వేరే ప్లేయర్లో పెడితే తేలిపోతుంది.

ఇంకొకటుంది, ఇక్కడ చాలామంది పొరబడతారు. తలంబ్రాలప్పుడు బొమ్మ చదరాలుగా విరుగుతోంది, డిస్కు పాడయిందని తెస్తారు. ఆ ఫైలుని కంప్యూటర్లోకి కాపీ చేసి చూస్తే అక్కడా అవే చదరాలు, అదే క్షణంలో. అది డిస్కు తప్పు కాదు. డీవీడీలో వాడే ఎమ్‌పెగ్ 2 పద్ధతి బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, చాలావరకు ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ తేడా మాత్రమే దాచుకుంటుంది. పంతులుగారు కూర్చుని మంత్రం చదువుతుంటే తేడా కొంచెమే. రెండు దోసిళ్ళ నిండా బియ్యం ఒక్కసారి గాల్లోకి లేస్తే, వందల గింజలు వందల దిక్కుల్లో వెళుతుంటే, తేడా అంతా ఇంతా కాదు. కేటాయించిన చోటు చాలక గళ్ళు బయటపడతాయి. మూడు గంటల వీడియోని మామూలు డిస్కులో ఇరికించాలని బాగా కుదించినవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. దీన్ని తుడిచీ రుద్దీ ప్రయోజనం లేదు.

నా డిస్కు సంగతికి వస్తాను. చివరికి సరిచేసింది ఇలాగ. వీడియోని మళ్ళీ తయారుచేస్తూ ప్రతి ఘట్టానికీ ఒక చాప్టర్ పెట్టాను. తర్వాత మలుపు ఎక్కడ పడొచ్చో లెక్క వేశాను. మొదటి పొరలో రెండో పొర కన్నా తక్కువ ఉండకూడదు కాబట్టి 75వ నిమిషానికి ముందు పనికిరాదు. ఒక పొర మీద 4.27 జీబీకి మించి పట్టదు కాబట్టి 89 దాటకూడదు. నాకున్న జాగా ఆ పద్నాలుగు నిమిషాలు. తలంబ్రాలు అయిపోయి, అందరూ భోజనాలకి లేచేచోట 81వ నిమిషంలో తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. సరిగ్గా ఆ నలుపు దగ్గర చాప్టర్ పెట్టాను. ఇంకా తర్వాతకి జరిపితే మలుపు మరీ అంచుకి పోతుంది, అదీ మంచిది కాదు. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రామ్ మలుపుకి పనికొచ్చే సెల్స్ జాబితా చూపించి ఏది కావాలని అడుగుతుంది, అందులో దాన్ని ఎంచుకున్నాను. వేగం డిస్కు మీద రాసిన దాంట్లో సగం పెట్టాను. రాస్తున్నంతసేపూ కంప్యూటర్ ముట్టుకోలేదు. అయ్యాక వెరిఫై చేయించాను, అంటే రాసింది సరిగ్గా ఉందో లేదో మళ్ళీ చదివించి సరిచూశాను. ఆ వెరిఫై ఇంకో అరగంట తినేస్తుందని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. డిస్కు మన చేతిలో ఉండగానే తప్పు తెలియాలి, చుట్టాలింట్లో అందరి ముందూ కాదు.

ఆ డిస్కు పాలకొల్లులో ఆగకుండా ఆడింది. భోజనాల ముందు ఒక అర సెకను నలుపు ఎక్కువసేపు నిలిచింది, అంతే. అత్తయ్యగారు మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూశారు.

ఇంత నేర్చుకున్నాక నా అభిప్రాయం మీకు వింతగా అనిపించొచ్చు. ఇంటి వేడుకలకి డబుల్ లేయర్ డిస్కు వాడకూడదు. రెండు మామూలు డిస్కులే మేలు. ఈ మాటంటే మా బావ ఇప్పటికీ ఒప్పుకోడు. "పెద్దవాళ్ళు లేచి డిస్కు మార్చుకుంటారేంటయ్యా?" అంటాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. నేనూ మొదట్లో అదే అనుకుని ఒక్క డిస్కు రాశాను. కానీ రెండు డిస్కులైతే ఎక్కడ ఆపాలో మనమే నిర్ణయించుకుంటాం. మొదటి డిస్కు తలంబ్రాలతో ముగుస్తుంది, టీ తాగుతారు, రెండోది పెడతారు. పైగా లెక్క చూడండి. 7.2 జీబీని రెండు మామూలు డిస్కుల మీద సగం సగం రాస్తే ఒక్కోదాని మీద 3.6 జీబీయే. ఆ రాత డిస్కు అంచుకి సుమారు 8 మిల్లీమీటర్ల ఇవతలే ఆగిపోతుంది. తలంబ్రాల దాకా మొదటిదాని మీదే రాసినా 3.9 జీబీ దాటదు, చివర్లో ఇంకా చోటు మిగులుతుంది. వేళ్ళు పడే చోట, ఊగే చోట రాతే ఉండదు. తెర వెనక చూడాల్సిన పని లేదు, మలుపు లేదు, బలహీనమైన లేజరు కూడా చదువుతుంది. ఒక డిస్కు పోయినా రెండో సగం మిగులుతుంది. డబుల్ లేయర్ వల్ల వచ్చే లాభం ఒకసారి లేచే శ్రమ తప్పడం. దానికోసం వీడియో మొత్తాన్ని ఒక మలుపు మీద ఆధారపెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

మన ప్రాంతం సంగతి కూడా చెప్పాలి. రాసే డిస్కుల్లో సమాచారం ఉండేది రంగు లాంటి ఒక పూత మీద. ఎండా, వేడీ, తేమా మూడూ దానికి పడవు. డెల్టాలో తేమకి కొదవేముంది, చుట్టూ కాలువలే. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలి అదనం. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టిన డిస్కులు బాగానే ఉంటున్నాయి, కిటికీ పక్క షోకేసులో ఎండ తగిలేలా పెట్టినవి పోతున్నాయి, ఇది నేను చూసిన సంగతి. డిస్కు మీద పెళ్ళి ఫొటో స్టిక్కర్ అతికించడం ఒక సరదా ఉండేది. స్టిక్కర్ తేమకి ఒకవైపు ఉబ్బితే డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది, అంచు చదవడం ఇంకా కష్టమవుతుంది. అతికించి ఉంటే ఇప్పుడు పీకకండి, ముందు కాపీ చేసుకోండి.

2022 జులై వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు దిగువకి వదిలారు. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ తర్వాత ఒకాయన లంకలోని ఇంట్లో రేకుపెట్టె అడుగున దొరికిన నాలుగు డిస్కులు తెచ్చారు, ఒండ్రు అట్టకట్టుకుపోయి ఉన్నాయి. ఎండిన మట్టిని గుడ్డతో తుడిస్తే ఇసుక గీతలు పడతాయి. అందుకని ముందు వెడల్పాటి గిన్నెలో మంచినీళ్ళు పోసి నానబెట్టాను. మట్టి తనంతట తాను వదిలాక, రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్ళతో మెత్తటి గుడ్డ పెట్టి మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడిచాను. గుండ్రంగా ఎప్పుడూ తుడవకూడదు. రాత గుండ్రంగా ఉంటుంది, గుండ్రటి గీత పడితే ఒకేచోట చాలా సమాచారం వరసగా పోతుంది, ప్లేయర్ దాన్ని సర్దుకోలేదు. అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొంచెమే తింటుంది, అది సర్దుకోగలదు. నీడలో నిలబెట్టి ఆరనిచ్చాను. నాలుగింట్లో మూడు చదివాయి. ఆయన ఆ పూటే వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి చెప్పారు.

ఇక చివరి సంగతి. ఆ మధ్య ఒక సంక్రాంతికి అక్కా వాళ్ళు మా ఊరొచ్చారు. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసొచ్చాక మేనకోడలు "మావయ్యా, అమ్మ పెళ్ళి ఫోన్లో చూడలేమా?" అని అడిగింది. నా పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్ ఎప్పుడో పోయింది, అసలు ఫైళ్ళు లేవు. మిగిలింది అక్క దగ్గరున్న డిస్కు, అదే నేను సరిచేసి ఇచ్చింది. పండక్కి వస్తూ తెచ్చింది. యూఎస్‌బీ డ్రైవ్‌లో పెట్టాను. పదమూడేళ్ళలో అది ఎన్ని చేతులు మారిందో, 70వ నిమిషం నుంచి చదరాలు, 78 దగ్గర పూర్తిగా నిలిచిపోయింది. ఫైళ్ళు విడివిడిగా కాపీ చేశాను. డీవీడీ వీడియో ఒక్కో జీబీ చొప్పున ముక్కలుగా ఉంటుంది, మొత్తం ఏడు. ఆరు తేలిగ్గానే వచ్చాయి, నాలుగోది రాలేదు. ముహూర్తం అందులోనే ఉంది.

పాడైన చోటుని వదిలి ముందు మిగతాదంతా చదివి, తర్వాత వెనక నుంచి కూడా ప్రయత్నించే డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాములున్నాయి. రాత్రంతా దాన్ని నడిపాను. కొంత వచ్చింది, కొంత రాలేదు. తెల్లారి అటక మీద నా పాత సీడీ పెట్టె గుర్తొచ్చింది. అందులో అడుగున, నల్లటి కవరులో, మొట్టమొదట రాసిన డిస్కు ఉంది. పాలకొల్లులో మాంగల్యధారణ దగ్గర ఆగిపోయిందే, అది. పనికిరాదని పక్కన పెట్టాక దాన్ని ఎవరూ తాకలేదు. అంచు అద్దంలా ఉంది.

పదకొండు నిమిషాల్లో నాలుగో ఫైలుతో సహా మొత్తం ఏడూ వచ్చేశాయి, ఒక్క తప్పు లేకుండా. వాటిని నాణ్యత తగ్గించకుండా ఎమ్‌కేవీ అనే రకం వీడియో ఫైలు ఒక్కటిగా కలిపి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి బావ ల్యాప్‌టాప్‌లో, మరోటి నా దగ్గర పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. అత్తయ్యగారు కూడా పండక్కి మా ఇంటికి వచ్చి ఉన్నారు. బావ సూత్రం తీసుకున్నాడు, పంతులుగారు చెయ్యి ఊపారు, డోలు మీద మొదటి దెబ్బ, రెండోది, ఆ తర్వాత మేళం మొత్తం. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మూడు ముళ్ళూ పడ్డాక అత్తయ్యగారు "కొంచెం వెనక్కి తిప్పు నాయనా" అన్నారు. అక్క వెనకాల ఆకుపచ్చ చీరలో దీపం పట్టుకున్నావిడ ఎవరో ఆవిడకి గుర్తు రావడం లేదు. మా అమ్మ ఒక పేరు చెప్పింది, అక్క కాదంది, ముగ్గురూ టీవీకి దగ్గరగా జరిగారు. నేను మళ్ళీ వెనక్కి తిప్పాను.